పాత ఇంటితో వచ్చిన ట్రాష్ కాంపాక్టర్: బాగుచేయాలా, పీకేయాలా?

ఒహాయో_కొత్తిల్లు
1974లో కట్టిన ఇల్లు తీసుకున్నాం. వంటగదిలో సింకు పక్కన 15 అంగుళాల వెడల్పున చెత్త నొక్కే మిషను ఉంది. ముదురాకుపచ్చ రంగు, కింద కాలితో నొక్కే పెడలు, పైన తాళంచెవి గుబ్బ. కంపెనీ స్టిక్కరు చెరిగిపోయింది. లోపల కాస్త చెత్త వేసి స్టార్ట్ చేస్తే పలక కిందికి దిగి అక్కడే ఆగిపోయింది. మోటారు పది సెకన్లు మూలిగి, తర్వాత పూర్తిగా చప్పుడు లేదు. సొరుగు తెరుచుకోవట్లేదు. ఇంట్లోవాళ్ళు పీకేద్దాం అంటున్నారు. నాకు మాత్రం బాగుచేయాలనే ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

వరంగల్_వైరు
సొరుగు గుంజకు అన్నా. పలక కిందున్నప్పుడు గట్టిగ గుంజితే సొరుగు కింద రోలర్లు పగుల్తయ్, ముందు ప్యానెల్ ఊడొస్తది. ముందుగాల ప్లగ్గు పీకు.

కల్పన_ఎడిసన్
పీకేయండి. రీసైక్లింగ్ డబ్బా, తడి చెత్త డబ్బా వేరేగా పెట్టాక ఇంక నొక్కడానికి ఏం మిగులుతుంది?

మోటార్_మూర్తి
పీకేయడం ఎప్పుడైనా చేయొచ్చు, ముందు ఏం పోయిందో చూద్దాం. మీరు చెప్పిన లక్షణాల్లో పెద్ద క్లూ ఉంది: దిగింది, పైకి రాలేదు. ఈ మిషన్లు తిరిగి పైకి ఎలా వస్తాయో తెలిస్తే సగం రిపేరు అయిపోయినట్టే.

చాలా పాత మోడళ్ళలో అడుగున ఒక మోటారు, దాన్నుంచి గేర్లు, చైను. ఆ చైను రెండు పక్కలా నిలువుగా ఉన్న రెండు పొడుగాటి స్క్రూ రాడ్లను తిప్పుతుంది. పలకకి (ర్యామ్ అంటారు) రెండు చివర్లా నట్లుంటాయి. రాడ్లు తిరిగితే నట్లు దిగుతాయి, వాటితో పలక దిగుతుంది. ఎంత లోతుకి దిగాలి అని కొలిచే పరికరం ఏదీ లేదు. చెత్త ఎక్కడ అడ్డుకుంటే అక్కడే వెనక్కి తిరగాలి. అదెలా?

మోటారు లోపల రెండు తీగ చుట్లు ఉంటాయి: రన్నింగ్, స్టార్టింగ్. స్టార్టింగ్ చుట్టు మొదటి క్షణంలోనే పనిచేస్తుంది. మోటారు వేగం అందుకోగానే సెంట్రిఫ్యూగల్ స్విచ్ (మోటారు వేగాన్ని బట్టి పడే స్విచ్) దాన్ని కట్ చేస్తుంది. పలక పై నుంచి కొంచెం దిగగానే డైరెక్షన్ స్విచ్ పడి, స్టార్టింగ్ చుట్టు వైర్లను తారుమారు చేస్తుంది. అప్పటికి ఆ చుట్టులో కరెంటు లేదు కాబట్టి ఏమీ మారదు, మోటారు అదే వైపు తిరుగుతూ ఉంటుంది. పలక చెత్త మీద బిగుసుకుని మోటారు వేగం పడిపోయినప్పుడు సెంట్రిఫ్యూగల్ స్విచ్ మళ్ళీ కలుస్తుంది. ఇప్పుడు స్టార్టింగ్ చుట్టులోకి కరెంటు తిరగబడి వస్తుంది, మోటారు వెనక్కి తిరుగుతుంది, పలక పైకి వస్తుంది. పైన స్విచ్ తగిలితే ఆగుతుంది. ఇందులో సెన్సర్ లేదు, కంప్యూటర్ బోర్డు లేదు. మోటారు అలసటే సిగ్నల్.

బాగున్న మిషను పక్కన నిలబడితే ఇదంతా వినిపిస్తుంది. ముందు సన్నటి గుర్ర్, తర్వాత బరువెక్కిన గొంతు, ఒక్క 'టక్', మళ్ళీ తేలికైన గుర్ర్. ఆ 'టక్' మీకు వినిపించిందా?

ఒహాయో_కొత్తిల్లు
లేదు మూర్తి గారూ. గొంతు బరువెక్కింది, అంతే. టక్ రాలేదు.

మోటార్_మూర్తి
అయితే రెండే దారులు. ఒకటి, సెంట్రిఫ్యూగల్ స్విచ్ పాయింట్లు మాడి కరెంటు పోవట్లేదు. రెండు, పలక ఏదో గట్టి వస్తువుకి పక్కగా ఇరుక్కుంది, మోటారు వెనక్కి లాగలేకపోతోంది. మూగబోవడం మాత్రం భయపడాల్సిన విషయం కాదు, మోటారులో వేడికి పడే ఓవర్‌లోడ్ కట్ అది. అరగంట చల్లారితే తనే కలుస్తుంది.

పానా_పట్టకారు
మూర్తి గారు చెప్పిన రెండింట్లో ఏదో తేల్చడానికి మిషను బయటికి లాగక తప్పదు. ఇలా చేయండి.

ప్లగ్గు పీకాక కౌంటర్ అంచు కింద, నేల దగ్గర స్క్రూలు ఉన్నాయేమో చూడండి. కొన్ని విడిగా నిలబెట్టిన రకం, స్క్రూలు ఉండవు. బరువు 130, 150 పౌండ్ల దాకా ఉంటుంది, ఒక్కరే ఎత్తొద్దు. నేల మీద పాత దుప్పటి పరిచి, దాని మీదికి నెమ్మదిగా జరపండి. లోపల తడి చెత్త ఉంటే నీళ్ళు కారతాయి, దుప్పటి మీద ప్లాస్టిక్ షీటు కూడా వేయండి. ఇద్దరు పట్టుకుని పక్కకి వాల్చండి.

అడుగు రేకు విప్పితే సైకిల్ చైను లాంటి చైను, రెండు రాడ్ల కింద రెండు పళ్ళ చక్రాలు కనిపిస్తాయి. దేన్నీ విప్పకముందే ఫోన్లో ఫొటో తీయండి. ఇంకా ముఖ్యం: చైను మీద, రెండు చక్రాల మీద తెల్ల పెయింటుతో గుర్తులు పెట్టండి. చైను తీసి మళ్ళీ వేసేటప్పుడు ఒక్క పక్క నాలుగు పళ్ళు జరిగినా పలక ఏటవాలుగా కూర్చుంటుంది, ప్రతిసారీ బిగుసుకుంటుంది.

ఇప్పుడు పానాతో చక్రాన్ని చేత్తో తిప్పి చూడండి. ఒక వైపు బిగుస్తుంది, రెండో వైపు వదులవుతుంది. వదులయ్యే వైపే తిప్పుతూ పోండి, పలక పైకి వస్తుంది. తేలిగ్గా తిరిగితే కరెంటు లోపం. రెండు వైపులా ప్రాణం తీస్తుంటే మెకానికల్.

గోదారి_గట్టు
పలక పైకి వచ్చాక కూడా సొరుగులో చెయ్యి పెట్టేముందు గ్లౌజులు. తోలువి. నొక్కిన చెత్తలో గాజు ముక్క ఏ వైపు చూస్తుంటుందో తెలీదు.

సియాటిల్_సుబ్బు
ముదురాకుపచ్చ అన్నారుగా, అది అవకాడో రంగు. 70ల్లో అమెరికన్ వంటగదుల్లో స్టవ్వు, ఫ్రిజ్జు, డిష్‌వాషర్ అన్నీ ఆ రంగులోనో, పసుపు కలిసిన హార్వెస్ట్ గోల్డులోనో వచ్చేవి. ముందు ప్యానెల్ ఫ్రేములో జారుతుందేమో చూడండి, కొన్నిటికి ప్యానెల్ వెనక్కి తిప్పితే రెండో రంగు ఉంటుంది.

ఇంటికి వాడే కాంపాక్టర్ మొదట తెచ్చింది వర్ల్‌పూల్, 1969లో, 'ట్రాష్ మాషర్' పేరుతో. తర్వాత మిగతా కంపెనీలన్నీ దిగాయి. అంతకుముందు చాలా ఊళ్ళలో పెరట్లోనే చెత్త తగలబెట్టేవాళ్ళు. లాస్ ఏంజెలస్ పొగ భరించలేక 1957లోనే పెరటి పొయ్యిల్ని నిషేధించింది. తగలబెట్టడం పోయాక చెత్తంతా డబ్బాలో కూర్చుంది. అక్కడ ఈ మిషనుకి చోటు దొరికింది.

కల్పన_ఎడిసన్
చరిత్ర బాగుంది సుబ్బు గారూ. కానీ నా ప్రశ్న అలాగే ఉంది. నొక్కినా నొక్కకపోయినా చెత్త బరువు అంతే. ఊరి చెత్త లారీ ఎలాగూ నొక్కుతుంది, డంపింగ్ యార్డులో రోలరు మళ్ళీ తొక్కుతుంది. ఇంట్లో నొక్కడం వల్ల భూమికి మిగిలేది ఏం లేదు.

సియాటిల్_సుబ్బు
భూమికి లేదు, ఒప్పుకుంటా. డబ్బాకి ఉంది. నాలుగు సంచుల చెత్త దాదాపు ఒక సంచిలోకి వస్తుంది. మా ఊళ్ళో 1981 నుంచి చెత్త బిల్లు డబ్బా సైజుని బట్టే. డబ్బా చిన్నదైతే బిల్లు చిన్నది. అందుకే జనం కాళ్ళతో తొక్కి కుక్కేవాళ్ళు, దానికి 'సియాటిల్ స్టాంప్' (సియాటిల్ తొక్కుడు) అని పేరు కూడా పడింది. సైజుని బట్టి డబ్బులు తీసుకునే ఊళ్ళో కాంపాక్టర్ లెక్క వేరు.

గోదారి_గట్టు
కానీ సుబ్బు గారూ, చాలా ఊళ్ళలో డబ్బాకి బరువు పరిమితి కూడా ఉంటుంది. నిండిన కాంపాక్టర్ సంచి 20 నుంచి 30 పౌండ్లు తూగుతుంది. అలాంటివి మూడు వేస్తే డబ్బా చక్రాలు విరుగుతాయి.

వంటింటి_వాణి
కల్పన గారు అడిగినదానికి నా జవాబు: మిషను మంచిదే, దాంట్లో ఏం వేస్తున్నామన్నదే విషయం. మన వంటిళ్ళలో దీన్ని పాడుచేసేది తడి చెత్త. ఉల్లి తొక్కలు, కరివేపాకు, నీళ్ళు కారే టమాటాలు, రొయ్యల పొట్టు, చేప పొలుసు... వీటి మీద రెండు వేల పౌండ్ల పైన ఒత్తిడి పడితే రసం కక్కుతాయి. అది సంచి చిరుగులోంచి సొరుగు అడుగుకి, అక్కడ్నించి రోలర్ల పట్టీలోకి పోతుంది. వాసన సంచి మార్చినా పోదు, ఎందుకంటే వాసన సంచిలో లేదు, పట్టీలో ఉంది.

తడి చెత్త, మాంసం, చేప, పిల్లల డైపర్లు: ఇవేవీ అందులో వేయొద్దు. మామిడి టెంకలు, కొబ్బరి చిప్పలు కూడా. చిప్ప పగిలితే అంచు కత్తిలా సంచిని కోస్తుంది.

వేయదగ్గవి: చిప్స్ సంచులు, ఫ్రోజెన్ పరాటాల కవర్లు, బియ్యం సంచుల ప్లాస్టిక్ గోనెలు, థర్మోకోల్ ముక్కలు, రీసైకిల్ వాళ్ళు తీసుకోని పొరల ప్యాకింగు. చోటు తినేవన్నీ ఇవే. కల్పన గారూ, అన్నీ వేరు చేశాక మిగిలేది ఇదే, ఇదే ఎక్కువ ఉబ్బుతుంది.

మోటార్_మూర్తి
వాణి గారు చెప్పినదానికి ఒక ముక్క కలుపుతా. ప్లాస్టిక్ సీసా నొక్కితే మళ్ళీ ఉబ్బుతుంది, మూత ఉంటే గాలి బంతిలా తిరిగొస్తుంది. రేకు డబ్బాలు, అట్టలు అణిగితే అణిగినట్టే. ఉబ్బే చెత్త ఎక్కువున్నప్పుడు ఒక చిట్కా ఉంది. స్టార్ట్ చేసిన అరనిమిషానికి పలక కింద బిగుసుకుని మోటారు గొంతు మారుతుంది. సరిగ్గా అప్పుడు తాళంచెవి గుబ్బని ఆఫ్‌కి తిప్పి, అరగంట అలాగే వదిలేయండి. తర్వాత ఆన్ చేస్తే పలక పైకి వస్తుంది. ఆ అరగంట బరువులో ప్లాస్టిక్ దారికొస్తుంది.

వరంగల్_వైరు
స్ప్రే డబ్బాలు మాత్రం అస్సలు ఎయ్యొద్దు. దోమల మందు, సెంటు, పెయింట్ డబ్బాలు, నూనె గుడ్డలు ఏదీ వద్దు. ఈ మిషన్ల కాలంల లేని ఇంకోటి ఇప్పుడుంది, లిథియం బ్యాటరీ. పిల్లల బొమ్మల, పాత ఇయర్‌ఫోన్లల అది దాక్కొని ఉంటది. నొక్కితే చీలి మంటలేస్తది. చుట్టూ ఎండు కాయితాలే గద. పాత మాన్యువల్ల ఈ ముచ్చట రాసుండదు, మనమే యాది పెట్టుకోవాలె.

ఒహాయో_కొత్తిల్లు
మిషను బయటికి తీశాం. చక్రం ఒక వైపు కదల్లేదు, రెండో వైపు మొదట గట్టిగా ఉండి ఒక్క 'చిర్ర్' తర్వాత వదులైంది. పలక పైకి వచ్చింది. లోపల ఎడమ గోడకీ పలక అంచుకీ మధ్య మందపాటి గాజు సీసా నిలువుగా ఇరుక్కుని ఉంది. పగల్లేదు. సొరుగు ఇప్పుడు తెరుచుకుంది. స్క్రూ రాడ్లు మాత్రం పూర్తిగా ఎండిపోయి, నల్లటి పిసరు అంటుకుని ఉన్నాయి. ఇప్పుడేం చేయను?

పానా_పట్టకారు
కారణం దొరికింది, కానీ దాంతో ఆగొద్దు. సీసా నిలువుగా ఓ మూల ఉంటే పలక ఒక పక్కే ఆగి, రెండో పక్క దిగుతూనే ఉంటుంది. పలక వాలుతుంది, నట్లు రాడ్ల మీద అడ్డంగా పట్టేస్తాయి. ఎండిపోయిన రాడ్లయితే ఇంకా తొందరగా పట్టేస్తాయి.

రాడ్లు ఇలా శుభ్రం చేయండి. పాత టూత్‌బ్రష్, కాస్త మినరల్ స్పిరిట్స్. పిసరు మొత్తం గుడ్డకి వచ్చేదాకా తుడవండి. అది ఎండిన పాత గ్రీజు, దుమ్ము కలిసిన ముద్ద. దాని మీద కొత్త గ్రీజు రాస్తే సానరాయి పూసినట్టే. స్పిరిట్స్ మంటకి అంటుకుంటుంది కాబట్టి కిటికీలు తెరవండి, పూర్తిగా ఆరాకే ప్లగ్గు పెట్టండి. ఆరాక లిథియం గ్రీజు పల్చగా, త్రెడ్ల లోపలికి వెళ్ళేలా రాడ్డు పొడవునా. వంటనూనె వద్దు, తుప్పు వదిలించే స్ప్రే కూడా వద్దు, అది గ్రీజు కాదు.

తుడిచేటప్పుడు గుడ్డ మీద ఇత్తడి పొడి మెరుస్తోందా, ప్లాస్టిక్ పొట్టు వస్తోందా చూడండి. వస్తే నట్లు అరిగాయి. పలకని చేత్తో పైకీ కిందికీ కదిపి చూడండి. కొంచెం టకటక ఉండొచ్చు. వేలెడంత ఆడుతుంటే నట్లు మార్చాలి, మారిస్తే రెండూ కలిపే. కొత్త నట్టు ఒక పక్క, అరిగింది ఒక పక్క పెడితే పలక మళ్ళీ వాలుతుంది.

చైను మధ్యలో వేలితో నొక్కితే అర అంగుళం లోపే దిగాలి.

మోటార్_మూర్తి
సీసా ఇరుక్కున్నప్పుడు 'టక్' రాలేదన్నారు. మోటారు ఆగిపోయాక స్విచ్ కలవాలి, శబ్దం రావాలి. ఆ పాయింట్లు కూడా చూసేయండి, మిషను ఎలాగూ పడుకుని ఉంది. మోటారు చివర ఉంటుంది. నల్లగా మాడి ఉంటే 400 నంబరు ఎమరీ పేపరు సన్నటి పట్టీ కత్తిరించి, పాయింట్ల మధ్య పెట్టి, మెల్లగా రెండు మూడుసార్లు లాగండి. స్ప్రింగు రేకుని వంచొద్దు. వంగితే వేగం లెక్క మారి పలక సగంలోనే వెనక్కి వస్తుంది. పాయింట్లలో గుంటలు పడి ఉంటే రుద్దడం వృథా, స్విచ్చే మార్చాలి.

బెజవాడ_బెంజి
ఇలాంటిది ఒకటి హైదరాబాద్ పంపాలనుకుంటున్నా. 230 నుంచి 110కి ట్రాన్స్‌ఫార్మర్ పెడితే చాలదా?

మోటార్_మూర్తి
చాలదు. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజి మారుస్తుంది, ఫ్రీక్వెన్సీ మార్చదు. ఈ మోటారు 115 వోల్టులు, 60 హెర్ట్జ్‌కి చుట్టింది. మన దగ్గర 50. అదే 115 వోల్టులు 50 హెర్ట్జ్‌లో ఇస్తే మోటారు లోపలి ఇనుము అయస్కాంత శక్తితో నిండిపోయి మోటారు వేడెక్కుతుంది. లెక్క ప్రకారం 96 వోల్టులకి తగ్గించాలి. తగ్గిస్తే వేగం ఆరో వంతు పడిపోతుంది, నిమిషానికి 1725 సార్లు తిరిగేది 1440 దగ్గర తిరుగుతుంది. 60 హెర్ట్జ్ వేగానికి పెట్టిన సెంట్రిఫ్యూగల్ స్విచ్‌కి, ఆ వేగానికి మధ్య ఎడం తగ్గుతుంది. నడవొచ్చు, కానీ నేను పంపను.

వంటింటి_వాణి
కరెంటు సంగతి పక్కన పెట్టినా అక్కడ దీనికి పని లేదు. ఘన వ్యర్థాల నియమాల ప్రకారం తడి చెత్త, పొడి చెత్త ఇంట్లోనే విడదీసి ఇవ్వాలి. పొడి చెత్త ఏరుకునేవాళ్ళకి అట్ట అట్టగా, సీసా సీసాగా ఉంటేనే విలువ. అన్నీ కలిపి ఇటుకలా నొక్కి ఇస్తే వాళ్ళ పొట్ట కొట్టినట్టు.

బెజవాడ_బెంజి
సరే, ఆలోచన మానుకున్నా.

కల్పన_ఎడిసన్
వాణి గారి మాటే రీసైక్లింగ్‌కి ఇక్కడ కూడా వర్తిస్తుంది. నొక్కిన సంచి రీసైకిల్ డబ్బాలో వేయకూడదు. గాజు పొడి అట్టలో దిగబడితే రెండూ పనికిరావు. ఇది ఇక్కడ చాలామందికి తెలీదు, అందుకే రాస్తున్నా.

సియాటిల్_సుబ్బు
నిజం. కాంపాక్టర్ వెలుగు తగ్గడానికి ఒక కారణం అదే. నొక్కి కలపడం ఒక కాలం పద్ధతి, విడదీయడం తర్వాతి కాలం పద్ధతి. ఇప్పటికీ కొత్తవి అమ్ముతున్నారు గానీ కొత్త ఇళ్ళలో అరుదు.

పాతవాటి గురించి అడిగితే అమెరికన్ పెద్దవాళ్ళు ముందు చెప్పేది వాసన. కొన్ని మోడళ్ళలో స్ప్రే డబ్బా పెట్టే చిన్న అర ఉండేది, సొరుగు కదిపినప్పుడల్లా లోపల సెంటు చిమ్మేది. ఆ సెంటూ చెత్తా కలిసిన వాసన వాళ్ళకి చిన్నప్పటి వంటగది. తర్వాతి మోడళ్ళలో దాని చోట బొగ్గు ఫిల్టరు, చిన్న ఫ్యాను వచ్చాయి.

గోదారి_గట్టు
సంచులు? మామూలు చెత్త సంచి సరిపోతుందా?

వంటింటి_వాణి
సరిపోదు, మొదటి నొక్కుడికే చిరుగుతుంది. కాంపాక్టర్ సంచి మందం వేరు. పాతవి లోపల ప్లాస్టిక్ పూత ఉన్న పొరల కాగితం సంచులు, ఇప్పుడు ఎక్కువ దళసరి ప్లాస్టిక్. కొనేముందు సొరుగు కొలవండి. 12, 15, 18 అంగుళాల మిషన్లు ఉన్నాయి, సంచులు ఒకదానివి ఒకదానికి పట్టవు. సొరుగు అంచుకి గుండీల్లాంటివి ఉంటే సంచి కన్నాలు వాటి మీదికి లాగి తగిలించాలి. తగిలించకపోతే పలకతో పాటు సంచి అంచు లోపలికి పోతుంది.

కొత్త సంచి అడుగున రెండు మూడు దినపత్రికలు పరవండి. గాజు వేయక తప్పకపోతే పడుకోబెట్టి, సరిగ్గా మధ్యలో. నిలువుగా ఎప్పుడూ వద్దు. మూలకి అసలే వద్దు, ఏమైందో పైన చూశారుగా.

పానా_పట్టకారు
నిండిన సంచి తీసేటప్పుడు పైకి లాగకండి, అడుగు ఊడుతుంది. సొరుగు పక్క గోడకి లాచ్ ఉందేమో చూడండి. అది వదిలితే గోడ బయటికి వాలుతుంది, సంచి పట్టు వదులుతుంది. అప్పుడు తీయాలి.

ఒహాయో_కొత్తిల్లు
రాడ్లు తుడిచి గ్రీజు రాశాం. ఇత్తడి పొడి లేదు, నట్లు బాగానే ఉన్నాయి. స్విచ్ పాయింట్లు ఒక పక్క నల్లగా ఉన్నాయి, ఎమరీ పట్టీతో తుడిచా. నిలబెట్టి, ఖాళీ అట్టపెట్టెలు మూడు వేసి స్టార్ట్ చేశా. గుర్ర్, బరువు గొంతు, టక్, పైకి! ఐదుసార్లు నడిపాం, ఐదుసార్లూ టక్ వచ్చింది. కానీ పలక అడుగు చాలా మురికిగా ఉంది, పాత వాసన కూడా.

గోదారి_గట్టు
భలే! ఆ టక్ వినాలని రెండ్రోజులుగా చూస్తున్నా.

వంటింటి_వాణి
ప్లగ్గు పీకి, సొరుగు పూర్తిగా బయటికి తీసి, తోలు గ్లౌజులతో ముందు పలక అడుగున బ్రష్షుతో గీకండి. గాజు పొడి రాలుతుంది, చెయ్యి పెట్టి తడమొద్దు. తర్వాత గోరువెచ్చని నీళ్ళు, గిన్నెల సబ్బు, కాస్త వంటసోడా, గుడ్డతో. నీళ్ళు చిమ్మకండి, స్విచ్‌లు అక్కడే ఉన్నాయి. రోలర్ల పట్టీలో పాత పిసరు పుల్లతో తీయండి, వాసన మూలం అదే.

వరంగల్_వైరు
ప్లగ్గు నేరుగా గోడకే పెట్టు అన్నా, ఎక్స్‌టెన్షన్ వైరు వద్దు. సన్నవైరు మీద బిగుసుకునే టైముల వోల్టేజి పడిపోతది, మోటారు వేడెక్కి మళ్ళ మూగదయితది. 15 ఆంపుల లైను దీనికొక్కదానికే ఉంటే మంచిది.

కల్పన_ఎడిసన్
ఉంచుకుంటారన్నమాట. మంచిదే, వాణి గారి జాబితా ప్రకారం వాడితే నాకు అభ్యంతరం లేదు. ఎప్పుడైనా పీకేయాల్సి వస్తే గ్యాపు గురించి బెంగ వద్దు. 15 అంగుళాల బేస్ క్యాబినెట్టు మామూలు సైజే, సొరుగులా లాగే రెండు డబ్బాల చెత్తబుట్ట దాంట్లో సరిగ్గా పడుతుంది. ఎత్తు 34న్నర, కౌంటర్ కిందికి సరిపోతుంది.

ఒహాయో_కొత్తిల్లు
ఆ కొలతలు రాసిపెట్టుకున్నా కల్పన గారూ. ప్రస్తుతానికి ఉంచుతున్నాం. ప్యానెల్ జారింది సుబ్బు గారూ, వెనక హార్వెస్ట్ గోల్డ్ ఉంది, గీత కూడా పడలేదు. ఒక్కటి మిగిలింది: తాళంచెవి గుబ్బ ఎప్పుడూ దానికే ఉంచొచ్చా? నాలుగేళ్ళ పాప ఉంది.

మోటార్_మూర్తి
ఉంచొద్దు. నొక్కడం అయిపోగానే ఆఫ్‌కి తిప్పి, గుబ్బ లాగేసి, ఫ్రిజ్జు పైనో పై అల్మరాలోనో పెట్టండి. అది లేకపోతే మిషను కదలదు, పెడలు తొక్కితే సొరుగు తెరుచుకుంటుంది, అంతే. సొరుగు పూర్తిగా మూయకపోతే స్టార్ట్ కాకూడదు, అది కూడా ఇవాళే చూడండి. సొరుగు రెండు అంగుళాలు తెరిచి ఉంచి, దూరంగా నిలబడి స్టార్ట్ నొక్కండి. కదిలితే సొరుగు స్విచ్ పోయినట్టు. అది మార్చేదాకా వాడొద్దు.

ఒహాయో_కొత్తిల్లు
చూశా. కదల్లేదు. గుబ్బ పై అల్మరాలో పెట్టా.